ఎవరికి కావాలో తెలిసిన యంత్రం: మెసేజ్ బ్రోకర్ల పుట్టుపూర్వోత్తరాలు

1980ల నడిమిలో వాల్‌స్ట్రీట్‌లో ట్రేడర్ బల్ల నిండా తెరలే. ధరలు అమ్మే ఒక్కో కంపెనీకి ఒక్కో తెర. ఒకదాంట్లో వచ్చిన అంకె రెండోదాంట్లోకి వెళ్లాలంటే మనిషే చూసి కొట్టాలి. ముంబయిలో పుట్టి అమెరికాలో స్థిరపడిన వివేక్ రణదివే ఈ చిక్కు విప్పడానికి కూర్చున్నారు. కంప్యూటర్ లోపలి కార్డులన్నీ ఒకే బస్‌కు, అంటే ఉమ్మడి తీగల దారికి, తగిలించి ఉంటాయి కదా, ప్రోగ్రాములను మాత్రం అలా ఎందుకు తగిలించకూడదన్నది ఆయన ప్రశ్న. ఆయన కంపెనీ టెక్నెక్రాన్ తెచ్చిన 'ఇన్ఫర్మేషన్ బస్' దానికి జవాబు. గోల్డ్‌మన్ శాక్స్ తొలి ఖాతాదారుల్లో ఒకటి.

కిటుకు చిన్నదే. పంపేవాడు చిరునామా రాయడు, విషయం పేరు రాస్తాడు. ఉదాహరణకు 'షేర్లు.ఐబీఎం.ధర'. కావలసినవాడు ఆ పేరుకు చందా కడతాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియనక్కర్లేదు కాబట్టి, కొత్త ప్రోగ్రాం వచ్చినా పాతది పోయినా మిగతావాటి జోలికి వెళ్లే పని లేదు.

ఒకే భవనంలో ఉన్నంతకాలం సందేశాన్ని నెట్‌వర్క్ అంతటికీ చల్లేసినా నడిచింది. అక్కర్లేని యంత్రం పారేసేది. ఊళ్లు దాటేసరికి లైను ఖరీదు అడ్డొచ్చింది. డేల్ స్కీన్, బ్రయన్ ఓకీ తదితరులు 1993లో వెలువరించిన పరిశోధన పత్రంలో దీనికి విరుగుడు ఉంది: రెండు నెట్‌వర్కుల మధ్య ఒక రూటర్‌ను పెట్టి, అవతల చందాదారు ఉంటేనే సందేశాన్ని దాటించడం. ఆ తర్వాత వచ్చిన పద్ధతులు చాలావరకు ఈ సూత్రాన్ని సానబట్టినవే.

ఇలా సందేశాలు అందుకుని చందాదారులకు చేరవేసే ప్రోగ్రాములు, అంటే బ్రోకర్లు, పదులూ వందలూ అయినప్పుడు చందాల చిట్టానే భారమవుతుంది. ఆంటోనియో కార్జానిగా, డేవిడ్ రోజెన్‌బ్లమ్, అలెగ్జాండర్ వుల్ఫ్ రూపొందించిన 'సియెనా' అనే వ్యవస్థ ఇక్కడ అక్కరకొచ్చింది. 2001లో వాళ్లు వివరించిన లెక్క ఇది: ఒకరు షేర్ల ధరలన్నీ కావాలన్నారు, ఇంకొకరు ఐబీఎం ధర చాలన్నారు. మొదటి చందాలోనే రెండోదీ ఇమిడి ఉంది కాబట్టి పక్క బ్రోకర్‌కు మొదటిది చెబితే సరిపోతుంది.

ఈలోగా 1999లో ఐబీఎంకు చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్కామ్‌కు చెందిన ఆర్లెన్ నిప్పర్ కలిసి ఎంక్యూటీటీ అనే సందేశ ప్రోటోకాల్‌ను తయారుచేశారు. చమురు గొట్టాల మీది పరికరాలు ఉపగ్రహం ద్వారా మాట్లాడాలి, అక్కడ ప్రతి బైటూ డబ్బే. అందుకే దాని అతిచిన్న ప్యాకెట్ 2 బైట్లు. అయితే బ్రోకరూ బ్రోకరూ ఎలా మాట్లాడుకోవాలో ఆ ప్రమాణం నిర్దేశించలేదు. మస్కిటో లాంటి బ్రోకర్లు 'బ్రిడ్జి' వేస్తాయి. ఒక బ్రోకర్ రెండోదానికి మామూలు క్లయింట్‌లా తగులుకుంటుంది, ఏ విషయం పేరు (టాపిక్) ఎటు పోవాలో మనిషే రాసిపెట్టాలి. రెండువైపులా అన్నీ పంపమని రాసిపెడితే సందేశం గిరగిరా తిరిగే ప్రమాదం ఉంది. 2019లో ప్రమాణమైన ఎంక్యూటీటీ 5లోని 'నో లోకల్' సదుపాయం, తాను పంపింది తనకే తిరిగి రాకుండా ఆపుతుంది.

రణదివే ఆ తర్వాత పెట్టిన టిబ్‌కో కంపెనీలో పనిచేసిన డెరెక్ కొలిసన్, క్లౌడ్ ఫౌండ్రీ అనే క్లౌడ్ వేదిక కోసం 'నాట్స్' అనే బ్రోకర్‌ను రాశారు. చుక్కలతో విడదీసిన పేర్ల చెట్టులో 'ఈ కొమ్మ కింద ఉన్నవన్నీ' అనడానికి టిబ్‌కో వారి సందేశ సాఫ్ట్‌వేర్ రాండెవూలో వాడిన > గుర్తు నాట్స్‌లోనూ ఉంది. ఒక పేరుకు తొలి చందాదారు రాగానే నాట్స్ సర్వర్, అంటే దాని బ్రోకర్, తోటి సర్వర్లకు ఒక్క ముక్క చెబుతుంది. చివరివాడు వెళ్లిపోయాక మళ్లీ చెబుతుంది. మధ్యలో వెయ్యిమంది చేరినా అదే పేరుకు మళ్లీ చెప్పదు. సందేశం లైను మీద ఒక్కసారే వస్తుంది, ఇవతలి సర్వర్ అందరికీ పంచుతుంది. క్లస్టర్‌లో, అంటే సర్వర్ల గుంపులో, ప్రతి సర్వరూ ప్రతి సర్వర్‌తో నేరుగా కలిసి ఉంటుంది కాబట్టి, తోటి సర్వర్ నుంచి వచ్చినదాన్ని మరో సర్వర్‌కు పంపకూడదన్నది నియమం. తిరుగుడు బెడద దాంతో తీరింది.

ఇంత తెలివి ఉన్నా బ్రోకర్ చందా మాటే వింటుంది, దాని వెనక అవసరం ఎంతో దానికి తెలియదు. మీ బ్రోకర్ల మధ్య లైను అకారణంగా నిండిపోతుంటే, ముందుగా 'అన్నీ నాకే' అని చందా కట్టిన ప్రోగ్రాం ఏదో వెతకండి.