వేసిన హ్యాట్రిక్‌లు, వేయించుకున్న హ్యాట్రిక్‌లు

ఫుట్‌బాల్‌లో ఒకే ఆటగాడు ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్ వేస్తే దాన్ని హ్యాట్రిక్ అంటారు. ఒక దేశపు జట్టు చరిత్రలో హ్యాట్రిక్‌లు రెండు రకాలు. మనవాళ్లు వేసినవి కొన్ని, మనమీద ఎదుటివాళ్లు వేసినవి కొన్ని. మొదటివి అందరూ చెప్పుకుంటారు. రెండోవి ఎవరూ తలచుకోరు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితేనే జట్టు నడిచిన దారి తెలుస్తుంది. గోల్స్ వేసినవాళ్ల జాబితాలో తమ పేర్లు అరుదుగా కనిపించే ఆదివాసీ పిల్లలకు ఈ చదువు మరీ అవసరం.

ముందు ఓటమి సంగతి చెప్పుకుందాం. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన జట్టును 10-1 తేడాతో ఓడించింది. బ్రాంకో జెబెక్ ఒక్కడే నాలుగు గోల్స్ వేశాడు. ఆ చలిలో మన ఆటగాళ్లు కొందరు వట్టి కాళ్లతోనే ఆడారు. మన నేల మీద వట్టి కాలు బంతిని బాగా పట్టుకుంటుంది. పరాయి చలిలో, బూట్లు వేసుకున్నవాళ్ల ఎదుట అది సరిపోలేదు. ఆ ఓటమి తర్వాతే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది.

ఆ జట్టుకు కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన మొదట బడిలో పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు. ఓడిపోయామని పిల్లల్ని తిట్టే రకం కాదు, ఎందుకు ఓడామో చూసి ఆ పాఠం మళ్లీ చెప్పే రకం. బంతిని తన కాళ్ల దగ్గరే ఉంచుకోకుండా వెంటనే తోటివాడికి అందించడం అలవాటు కావాలని పోటీలు పెట్టించారు. వాటంలేని కాలుతో కూడా కొట్టడం నేర్పించారు.

నాలుగేళ్లకు ఫలితం కనిపించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2 తో గెలిచింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ వేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా ఆటగాడు వేసిన మొదటి హ్యాట్రిక్ అదే. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరామ్ కూడా ఆ ఒలింపిక్ జట్టులోవాడే. సెమీఫైనల్‌లో మళ్లీ యుగోస్లావియానే ఎదురైంది. ఈసారి ముందు గోల్ వేసింది మనమే, అది కూడా డిసౌజాయే. చివరికి 1-4 తో ఓడాం. పది గోల్స్ ఇచ్చుకున్న జట్టు అదే ప్రత్యర్థికి నాలుగే ఇచ్చింది. ఈ లెక్క చూడనివాళ్లకు డిసౌజా హ్యాట్రిక్ ఆకాశం నుంచి ఊడిపడినట్టు కనిపిస్తుంది. దాని వేరు జెబెక్ వేసిన నాలుగు గోల్స్‌లో ఉంది.

దీనికి తిరగబడిన కథ కూడా ఉంది. 2008లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ మన దేశంలో జరిగింది. గ్రూపు మ్యాచ్‌లు హైదరాబాద్‌లో ఆడారు. వానల వల్ల ఫైనల్‌ను ఢిల్లీకి మార్చారు. అక్కడ తజికిస్తాన్ మీద సునీల్ ఛెత్రి హ్యాట్రిక్ వేశాడు, మనం 4-1 తో గెలిచాం. 1984 తర్వాత మొదటిసారి ఆసియా కప్‌లో ఆడే అవకాశం ఆ గెలుపుతో వచ్చింది. 2011లో దోహాలో ఆ కప్ ఆడితే, బహ్రెయిన్ ఆటగాడు ఇస్మాయిల్ అబ్దుల్లతీఫ్ మనమీద నాలుగు గోల్స్ వేశాడు. 2-5 తో ఓడిపోయాం. ఒక హ్యాట్రిక్ తలుపు తీస్తుంది, లోపల నిలబడటానికి ఇంకా చాలా కావాలి.

జాబితా చెప్పని సంగతి మరొకటి ఉంది. స్వతంత్ర భారతదేశపు మొదటి ఒలింపిక్ ఫుట్‌బాల్ జట్టు 1948లో లండన్ వెళ్లింది. దాని కెప్టెన్ తాలిమెరెన్ ఆవో, నాగా కొండల్లోని ఆవో తెగవాడు. వైద్యం చదివి డాక్టర్ అయినవాడు. ఫ్రాన్స్‌తో మ్యాచ్‌లో మనం 1-2 తో ఓడాం. మన ఒక్క గోల్ రామన్ వేశాడు. ఎదుటివాళ్ల దాడిని అడ్డుకోవడం ఆవో పని. అడ్డుకున్న బంతులను ఎవరూ లెక్క రాయరు. గోల్స్ పట్టిక మాత్రమే చదివిన పిల్లవాడికి, దేశపు జట్టును మన ఆదివాసీ నడిపించాడన్న సంగతే తెలియదు.

ఇప్పుడు పట్టికలోకీ మన పేర్లు వస్తున్నాయి. 2025 జూన్ 23న థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో మన మహిళల జట్టు మంగోలియాను 13-0 తో ఓడించింది. అందులో ఐదు గోల్స్ ప్యారీ ఖాఖా వేసింది. ఆమెది ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లా. ఖాఖా ఉరావ్‌ల గోత్రం పేరు. వాళ్ల కురుఖ్ భాషలో ఆ మాటకు అర్థం కాకి. గోండి, కోయ, తెలుగు భాషల్లాగే కురుఖ్ కూడా ద్రావిడ భాషే కాబట్టి ఆ మాట మన చెవికి చుట్టంలా వినిపిస్తుంది. అదే మ్యాచ్‌లో మన నిజామాబాద్ జిల్లా బిడ్డ గుగులోత్ సౌమ్య రెండు గోల్స్ వేసింది.

అయితే ఆసియా కప్‌కు అర్హత తెచ్చింది ఆ పదమూడు గోల్స్ కాదు. జూలై 5న థాయ్‌లాండ్ మీద 2-1 గెలుపు తెచ్చింది. ఆ రెండు గోల్స్ సంగీత బాస్ఫోర్ వేసింది. అక్కడ హ్యాట్రిక్ లేదు. ఆధిక్యం వచ్చాక దాన్ని చివరి నిమిషం వరకు కాపాడినవాళ్లు ఉన్నారు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ఆశ్రమ పాఠశాల మైదానంలో మ్యాచ్ అయ్యాక గోల్ వేసిన పిల్ల పేరు నోటీసు బోర్డు మీద రాస్తాం. బంతి అందించిన పిల్ల పేరు, అడ్డుకున్న పిల్ల పేరు కూడా రాయండి. ఓడిన రోజు ఎన్ని గోల్స్ పడ్డాయో, ఎందుకు పడ్డాయో కూడా రాయించండి. వేటకు వెళ్లినప్పుడు బాణం వేసినవాడికే కాదు, జంతువును తోలినవాడికీ వాటా పెట్టిన జాతులం మనం. ఆ న్యాయం ఆటలోనూ పాటిస్తే, పిల్లలు గోల్ వేయని రోజు కూడా మైదానం వదిలిపోరు.