సలహా ముందా, సంతకం ముందా?

విద్యార్థులారా! దేశానికి ఆపద వచ్చినప్పుడు దేశాధినేత ఎవరి సలహాపై నిర్ణయం తీసుకోవాలి? మన రాజ్యాంగంలోని 74వ అధికరణం దీనికి సమాధానం చెబుతుంది. రాష్ట్రపతికి సహాయ సలహాలు అందించడానికి ప్రధానమంత్రి నాయకత్వంలో ఒక మంత్రిమండలి ఉండాలి. గమనించండి, సలహా ఇవ్వవలసింది ఒక వ్యక్తి కాదు, ఒక మండలి. ఈ తేడా ఎంత ముఖ్యమో 1975లో తెలిసివచ్చింది.

ఆ సంవత్సరం జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ప్రధాని ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని తీర్పు చెప్పింది. జూన్ 25 రాత్రి ఆమె సలహాపై రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ అత్యవసర పరిస్థితి ప్రకటనపై సంతకం చేశారు. 'అంతర్గత కల్లోలం' అని కారణం చూపారు. కేబినెట్ సమావేశమైంది మర్నాడు ఉదయం 6 గంటలకు! అంటే సలహా చెప్పవలసిన మండలి కూర్చునేసరికే సంతకం అయిపోయింది. ఇక మిగిలింది తల ఊపడమే. పత్రికలపై సెన్సార్‌షిప్ వచ్చింది. ప్రతిపక్ష నాయకులను విచారణ లేకుండా నిర్బంధించారు. 1977 మార్చి 21 వరకు, దాదాపు 21 నెలలు ఈ స్థితి కొనసాగింది.

ముందే సమావేశమైతే మాత్రం మంత్రులు ఎదురు చెప్పేవారా అని మీరు అడగవచ్చు. ప్రయోగశాలలో మీరు తీసిన కొలతను మరొకరి చేత సరిచూపిస్తారు కదా! ప్రతిసారీ తప్పు దొరుకుతుందని కాదు, ఉంటే దొరికే వీలు కల్పించాలని. మండలి ఉండేదీ అందుకే.

1976లో 42వ సవరణ మంత్రిమండలి సలహాను రాష్ట్రపతి పాటించి తీరాలని స్పష్టం చేసింది. తరువాత జనతా ప్రభుత్వ కాలంలో వచ్చిన 44వ సవరణ (1978) కొన్ని రక్షణలు చేర్చింది. కేబినెట్ నిర్ణయం లిఖితపూర్వకంగా అందితేనే రాష్ట్రపతి అత్యవసర పరిస్థితి ప్రకటించాలి. 'అంతర్గత కల్లోలం' స్థానంలో 'సాయుధ తిరుగుబాటు' అన్న మాట వచ్చింది. ఒక నెలలోగా పార్లమెంటు ఉభయ సభలు ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి. అంతేకాదు, ఏ సలహానైనా పునఃపరిశీలించమని రాష్ట్రపతి ఒకసారి కోరవచ్చు. ఈ సవరణకు ఆమోదముద్ర వేసిన రాష్ట్రపతి మన అనంతపురం జిల్లావారైన నీలం సంజీవరెడ్డి.

ఆ చివరి అధికారం కాగితానికే పరిమితం కాలేదు. 1997లో ఉత్తరప్రదేశ్‌లోనూ, 1998లో బీహార్‌లోనూ రాష్ట్రపతి పాలన విధించాలన్న కేబినెట్ సిఫారసులను కె.ఆర్. నారాయణన్ తిప్పి పంపారు. రెండుసార్లూ కేబినెట్ అప్పటికి వెనక్కి తగ్గింది.

మీ గ్రంథాలయంలో రాజ్యాంగ ప్రతి తీసి 352వ అధికరణంలోని మూడవ క్లాజు చదవండి. అది ఒక్క వాక్యమే. దాని వెనుక 21 నెలల చరిత్ర ఉంది. ప్రశ్నించే అవకాశాన్ని చట్టం ఇవ్వగలదు, ప్రశ్నించవలసింది మాత్రం మనుషులే.