ఆమ్లంలో కాపురం

మాంసం ముక్కను నీళ్లలో వేసి ఉంచితే రెండు మూడు రోజుల్లో కుళ్లి కంపు కొడుతుంది. అదే ముక్కను జఠరరసంలో వేస్తే కరిగిపోతుంది గానీ కుళ్లదు. ఈ తేడాను 18వ శతాబ్దంలో పట్టుకున్నవాడు ఇటలీ శాస్త్రవేత్త లాజరో స్పల్లంజాని. పక్షుల, జంతువుల కడుపుల్లోంచి రసం తీసి చూడడంతో ఆయన ఊరుకోలేదు. ఆహారాన్ని చిన్న గుడ్డ సంచుల్లో కుట్టి తానే మింగి, అవి బయటికి వచ్చాక లోపల ఎంత మిగిలిందో చూసుకునేవాడు. 1780లో ఆ పరిశీలనలు పుస్తకంగా వచ్చాయి. ఆ రసంలో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లమని 1824లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం ప్రౌట్ తేల్చాడు.

అన్నం అరగడానికే కాదు, క్రిములు చావడానికీ ఆ ఆమ్లమే ఆధారమని 19వ శతాబ్దం ముగిసేసరికి వైద్యులందరికీ తెలుసు. 1892లో మ్యూనిక్ నగరంలో జర్మన్ శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ కలరా క్రిములున్న ద్రవాన్ని పదిమంది ఎదుటే తాగాడు. క్రిములు కడుపులోకి వెళ్లినంత మాత్రాన కలరా రాదని రుజువు చేయాలన్నది ఆయన పంతం. కడుపులో ఆమ్లం వాటిని చంపేసిందని ఎదుటిపక్షం అనకుండా ముందే సోడా ఉప్పు వేసుకుని ఆ ఆమ్లాన్ని విరిచేశాడు. కాస్త విరేచనాలయ్యాయి, బతికి బయటపడ్డాడు. కలరా విషయంలో చివరికి ఆయన వాదన నిలవలేదు. కానీ ఆమ్లం శక్తి మీద రెండు పక్షాలకూ ఒకే నమ్మకం.

ఆ నమ్మకమే తర్వాతి వాళ్ల కళ్లు కప్పింది. ఇంత ఘాటు ఆమ్లంలో ఏ బ్యాక్టీరియా బతుకుతుంది? బతకదు. కాబట్టి కడుపు క్రిమిరహితం. పాఠ్యపుస్తకాలు అలాగే రాశాయి, విద్యార్థులు అలాగే చదివారు.

కనబడలేదని మాత్రం ఎవరూ అనలేరు. 1893లో ట్యూరిన్‌లో జూలియో బిజోజెరో కుక్కల కడుపు పొరల్లో మెలికలు తిరిగిన క్రిములను చూసి వర్ణించాడు. ఆరేళ్ల తర్వాత పోలండ్ వైద్యుడు వాలెరీ యావోర్‌స్కీ మనుషుల కడుపు కడిగిన నీళ్లలో అలాంటివే చూశాడు. 1940లో అమెరికాలో స్టోన్ ఫ్రీడ్‌బర్గ్, శస్త్రచికిత్సలో తీసేసిన కడుపు భాగాల్లో దాదాపు 40 శాతంలో వాటిని గుర్తించాడు. ఆ తర్వాత 1954లో ఎడ్డీ పామర్ వెయ్యికి పైగా రోగుల కడుపు ముక్కలు పరీక్షించి ఒక్కదాంట్లోనూ క్రిమి లేదన్నాడు. అంతకుముందు కనిపించినవన్నీ నోట్లోంచి జారిన క్రిములేనని తీర్పు చెప్పాడు. పామర్ వాడిన మామూలు రంగులో ఈ క్రిమి సరిగా కనబడదు, వెండి లవణంతో వేసే రంగు కావాలి. ఆ చిన్న తేడాతో పాతికేళ్లు గడిచిపోయాయి.

ఈలోగా కడుపు పుండుకు, అంటే పేగుపూతకు, క్రిములతో సంబంధం లేని కారణాలు స్థిరపడ్డాయి. ఆమ్లం లేనిదే పుండు లేదని 1910లో జాగ్రెబ్ సర్జన్ ష్వార్ట్జ్ అన్న మాట వైద్యులకు సూత్రమైంది. పాలు, మెత్తటి తిండి, విశ్రాంతి, తగ్గకపోతే కత్తి. దక్షిణ భారతంలో ఈ జబ్బు ఎక్కువగా ఉండడం అప్పట్లోనే అందరి దృష్టిలో పడింది. 1922, 1924 ఎవరెస్ట్ యాత్రల్లో పాల్గొన్న హోవర్డ్ సోమర్‌వెల్, తిరువాన్కూరులోని నెయ్యూరు మిషన్ ఆసుపత్రిలో ఏళ్ల తరబడి ఈ పుళ్లకే ఆపరేషన్లు చేశాడు. తర్వాత మైసూరులో పనిచేసిన ఫ్రాంక్ టోవీ, గోధుమ తినే ఉత్తరాదికన్నా వరి అన్నం తినే దక్షిణాదిలో పుళ్లు ఎక్కువని చెప్పి, కారణం తిండిలో ఉందేమోనని వెతికాడు. మన ఇళ్లలోనైతే వెతకాల్సిన పనే లేదు: కారం, ఆవకాయ, వేళకు తినకపోవడం, దిగులు. 1976లో బ్రిటన్‌లో సిమెటిడిన్ మాత్ర వచ్చింది. ఆమ్లం తగ్గేది, పుండు మానేది, మాత్ర ఆపగానే చాలామందిలో మళ్లీ వచ్చేది.

దారి తప్పని ఒకాయన గ్రీసులో ఉన్నాడు. మిసొలోంగీ పట్టణ వైద్యుడు ఇయోన్నిస్ లికూడిస్ 1958 నుంచి పేగుపూతకు యాంటీబయాటిక్స్ ఇచ్చి ఎంతోమందికి నయం చేశాడు. పత్రికలు ఆయన వ్యాసాలు వేయలేదు. 1968లో క్రమశిక్షణ సంఘం 4,000 డ్రాక్మాల జరిమానా మాత్రం వేసింది.

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 1979 జూన్‌లో పాథాలజిస్టు రాబిన్ వారెన్ ఒక కడుపు ముక్కకు వెండి రంగు వేసి చూశాడు. పొర మీద క్రిములు బారులు తీరి ఉన్నాయి. రెండేళ్ల తర్వాత బారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు తోడయ్యాడు. ఇద్దరూ 100 మంది రోగుల నమూనాలు సేకరించారు గానీ, ప్రయోగశాలలో క్రిమి పెరిగితే ఒట్టు. అక్కడ రెండు రోజులు చూసి, ఏమీ మొలవకపోతే క్రిములను పెంచే పళ్లేలు పారేయడం ఆనవాయితీ. 1982లో ఈస్టర్ సెలవులొచ్చి పళ్లేలు అయిదు రోజులు అలాగే ఉండిపోయాయి. తెరిచి చూస్తే క్రిములు పెరిగి ఉన్నాయి! నెమ్మదిగా పెరిగే జీవికి కావలసింది గడువు మాత్రమే. అయినా పుళ్లకు ఈ క్రిమే కారణమంటే నమ్మేవాళ్లు తక్కువ. 1984లో మార్షల్ రోగి నుంచి పెంచిన క్రిముల ద్రవాన్ని తానే తాగేశాడు. కొద్ది రోజులకే వాంతులు, నోటి దుర్వాసన. పదో రోజు ఎండోస్కోపీలో, అంతకుముందు బాగున్న కడుపు వాచి, క్రిములతో నిండి కనిపించింది. 1989లో ఆ జీవికి హెలికోబ్యాక్టర్ పైలోరి అన్న పేరు ఖాయమైంది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి దక్కింది.

ఇక్కడితో కథ సగమే. ఆమ్లంలో అది ఎలా బతుకుతోంది? జవాబులో మొదటి భాగం తొందరగానే దొరికింది. యూరియేజ్ అనే ఎంజైముతో అది కడుపులోని యూరియాను విడగొట్టి అమోనియా పుట్టిస్తుంది. అమోనియా చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరుస్తుంది, దాంతో కడుపు గోడ మీది జిగురు పొర పల్చబడి క్రిమి ఈదడానికి దారి ఏర్పడుతుంది. అలా కణాల దగ్గరికి, ఆమ్లం తక్కువగా ఉండే చోటికి చేరుకుంటుంది.

శరీరపు మిగతా కాపలాలను తప్పించుకోవడమనే రెండో భాగానికి వేరే చరిత్ర ఉంది. శరీరం తనంతట తాను క్రిమినాశకాలు తయారు చేసుకుంటుందన్న సంగతి విడిగా, మెల్లగా బయటపడింది. జలుబు చేసిన తన ముక్కు చీమిడిలోనే అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1921లో లైసోజైమ్‌ను కనుగొన్నాడు. అప్పటికి పెన్సిలిన్ ఇంకా ఏడేళ్ల దూరంలో ఉంది. 1981లో స్వీడన్‌లో హన్స్ బోమన్ బృందం ఒక పట్టుపురుగు జాతి ప్యూపాల్లో సెక్రోపిన్లనే చిన్న ప్రోటీన్లను పట్టుకుంది. 1987లో అమెరికాలో మైకేల్ జాస్లాఫ్, ఆపరేషన్ చేసిన కప్పలు మురికి నీళ్లలో ఉన్నా వాటి గాయాలు చీము పట్టకపోవడం చూసి, చర్మంలో మాగైనిన్లను వెలికితీశాడు. మనుషుల్లోనూ డిఫెన్సిన్లు, ఎల్ఎల్-37 లాంటివి బయటపడ్డాయి. ఇవి ఎక్కువగా క్రిమి పైపొరకు అతుక్కుని తూట్లు పొడిచి చంపుతాయి.

ఈ రెండు చరిత్రలూ కలిసింది కడుపులోనే. పైలోరి సోకిన కడుపు కణాలు బీటా డిఫెన్సిన్-2ను, ఎల్ఎల్-37ను ఎక్కువగా తయారు చేస్తాయని వరుస పరిశోధనల్లో తేలింది. లోతు గ్రంథుల నుంచి ఊరే జిగురులో ఒక చక్కెర అణువు ఈ క్రిమి గోడ కట్టుకోకుండా అడ్డుపడుతుందని 2004లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. అంటే ఆమ్లం ఒక్కటే కాదు, దాని వెనక మరిన్ని కాపలాలు ఉన్నాయి. అయినా క్రిమి ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది. డిఫెన్సిన్ల లాంటివి అతుక్కోవడానికి క్రిమి పైపొర మీద రుణావేశం కావాలి. పైలోరి తన పైపొరలోని కొవ్వు అణువుల నుంచి ఫాస్ఫేట్లను తొలగించి ఆ పట్టు దొరకకుండా చేసుకుంటుంది. 2011లో టెక్సాస్ పరిశోధకులు ఈ మార్పు చేసుకోలేని క్రిములను తయారు చేసి ఎలుకలకు పట్టిస్తే అవి నిలదొక్కుకోలేకపోయాయి. ఆ మరుసటి ఏడాది బెర్లిన్ నుంచి ఇంకో సంగతి వచ్చింది: కణంలోకి కాగ్-ఎ అనే ప్రోటీన్‌ను గుచ్చి, బలమైన బీటా డిఫెన్సిన్-3 తయారీనే ఇది ఆపించేస్తుందట. అంతకుముందే 1999లో బోమన్ భాగస్వామిగా వచ్చిన పరిశోధన ఇంకా విచిత్రం. పైలోరి ప్రోటీన్లలో ఒకదాని కొస ముక్క సెక్రోపిన్‌ను పోలి ఉండి ఇతర బ్యాక్టీరియాను చంపుతుంది, దీన్ని మాత్రం ఏమీ చేయదు.

ఈ సహవాసం నిన్నటిది కాదు. ఆల్ప్స్ మంచులో దొరికిన 5,300 ఏళ్ల నాటి మనిషి కడుపులో కూడా పైలోరి జన్యువులున్నాయని 2016లో తేలింది. అది నేటి ఐరోపా రకాలకన్నా మధ్య, దక్షిణాసియా రకాలకు దగ్గరగా ఉంది. అంతకు ముందే, 2007లో, హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ శాస్త్రవేత్తలు భారతీయుల్లోని పైలోరి రకాల మూలాలు ప్రాచీన ఐరోపా రకాలతో ముడిపడి ఉన్నాయని ప్రచురించారు. మనుషుల వలసలతోనే అదీ నడిచింది.

శరీరం ఆయుధాలకు అలవాటు పడిన క్రిమి మందులకూ అలవాటు పడుతోంది. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని పైలోరిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో, కొత్త మందులు అవసరమైన క్రిముల ప్రాధాన్య జాబితాలోకి ఎక్కించింది. ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలతో కాలక్షేపం చేసేవాళ్లు డాక్టరును అడిగి పైలోరి పరీక్ష చేయించుకోవడం మేలు. పైలోరిని కనిపెట్టే శ్వాస పరీక్షకు ముందు ఆమ్లం తగ్గించే మాత్రలను రెండు వారాలు ఆపాల్సి ఉంటుంది; ఆ సంగతీ డాక్టరుతోనే మాట్లాడాలి. మందులు రాసిస్తే నొప్పి తగ్గిందని మధ్యలో మానకుండా కోర్సు పూర్తి చేయాలి, తర్వాత క్రిమి పోయిందో లేదో మరోసారి పరీక్షించుకోవాలి.