భూమి చుట్టూ తిరిగిన గ్రహాలు

టాలమీ భూమి కేంద్రమన్నాడు, కోపర్నికస్ సూర్యుడు కేంద్రమన్నాడు. బడిలో మనం చదువుకున్న ఖగోళ చరిత్ర దాదాపు ఇంతే. అది వింటే ప్రాచీన గ్రీకులు ఆకాశం వైపు చూడకుండానే ఏదో ఊహించేశారనిపిస్తుంది. నా ఉద్దేశంలో ఇది వాళ్లకు అన్యాయం, మన పిల్లలకు నష్టం.

వాళ్లను వేధించిన చిక్కు మన పంచాంగాల్లో ఉన్నదే: వక్రగతి. కుజుడు నక్షత్రాల మధ్య రోజూ కొద్దికొద్దిగా తూర్పుకు జరుగుతాడు. సుమారు 26 నెలలకోసారి ఆగి, రెండు రెండున్నర నెలలపాటు పడమటికి నడిచి, మళ్లీ తూర్పు దారి పడతాడు. ఆకాశంలో చలనమంతా వృత్తాల్లో, సమవేగంతో సాగాలని నమ్మినవారికి ఇది కొరుకుడు పడలేదు.

క్రీ.పూ. 4వ శతాబ్దంలో యుడాక్సస్ ఒకదానిలో ఒకటి ఇమిడిన 27 గోళాలతో దీనికి జవాబు వెతికాడు. అన్నిటికీ భూమే కేంద్రం. అరిస్టాటిల్ వాటిని 55 చేశాడు. అయితే ఆ గోళాల మీద గ్రహం ఎప్పుడూ భూమికి ఒకే దూరంలో ఉంటుంది. మరి వక్రించినప్పుడే కుజుడు అంతగా ఎందుకు వెలుగుతాడు? గోళాల దగ్గర దీనికి సమాధానం లేదు.

క్రీ.పూ. 200 ప్రాంతంలో, అపొలోనియస్ కాలానికి, వేరే ఉపాయం దొరికింది. గ్రహం ఒక చిన్న వృత్తంలో తిరుగుతుంది. ఆ చిన్న వృత్తపు కేంద్రం భూమి చుట్టూ పెద్ద వృత్తంలో సాగుతుంది. గ్రహం లోపలి వైపుకు వచ్చినప్పుడు భూమికి దగ్గరై ఎక్కువగా వెలుగుతుంది, అప్పుడే వెనక్కి నడిచినట్టు కనిపిస్తుంది. రెండు చిక్కులూ ఒకేసారి విడిపోయాయి. మన ఆర్యభటీయంలోని మంద, శీఘ్ర వృత్తాలు కూడా ఈ కోవలోవే. వాటికి గ్రీకు పద్ధతులతో సంబంధం ఉందని చాలామంది చరిత్రకారులు భావిస్తారు.

క్రీ.శ. 150 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో టాలమీ 13 భాగాల 'అల్మాజెస్ట్' రాశాడు. లెక్క ఆకాశంతో సరిపోవడానికి ఆయన సమవేగ నియమాన్నే కొంత వంచాడు. చిన్న వృత్తపు కేంద్రం భూమి నుంచి చూసినా, పెద్ద వృత్తం నడుమ నుంచి చూసినా సమవేగంతో కదలదు. భూమికి ఎదురుగా, నడిమికి అవతల అంతే దూరంలో ఉన్న మరో బిందువు నుంచి చూస్తేనే కదులుతుంది. 1543లో తన గ్రంథం వెలువరించిన కోపర్నికస్‌కు నచ్చనివాటిలో ఈ బిందువు ముఖ్యమైనది.

సూర్యుడు కేంద్రమన్న మాట గ్రీకులకు తెలియనిది కాదు. క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే అరిస్టార్కస్ అన్నాడు. కానీ భూమి కదిలితే నక్షత్రాలు చోటు మారినట్టు కనిపించాలి, కనిపించడం లేదు కదా అని అంతకుముందే అరిస్టాటిల్ వాదించి ఉన్నాడు. నక్షత్రాలు అంతులేనంత దూరంలో ఉన్నాయన్న అరిస్టార్కస్ మాట నిజమే, రుజువే లేదు. ఆ రుజువు 1838లో బెస్సెల్ ఒక నక్షత్రాన్ని కొలిచి చూపాడు. అది చోటు మారినట్టు కనిపించింది డిగ్రీలో ఐదువేలవ వంతు కూడా లేదు! మామూలు కంటికి అది అందేది కాదు.

కాబట్టి పంతుళ్లయిన మన పూర్వవిద్యార్థి మిత్రులకు నాదొక విన్నపం. ఈ పాఠం చెప్పేముందు పిల్లలచేత కొన్ని నెలలపాటు వారానికోసారి కుజుడి చోటును నోటుబుక్కులో గుర్తుపెట్టించండి. భూమి కదులుతోందనడానికి మీ కళ్లతో చూసిన రుజువేదని అడగండి. టాలమీ ఎందుకు పొరబడ్డాడో వాళ్లకు అర్థమైతే, కోపర్నికస్ ఎందుకు గొప్పవాడో మనం వేరే చెప్పనక్కర్లేదు.