మొదటి నోటును వెదకిన చట్టము

పాతకాలపు రైతు కుటుంబములలో తాతలనాటి భోషాణమును తెరచి చూచినచో, అడుగున గుడ్డలో చుట్టిపెట్టిన కాగితములు కొన్ని కానవచ్చుచుండును. అవి అప్పుపత్రములు. కొన్నింటి వెనుక చెల్లులు వ్రాయబడియుండును. కొన్నింటికి అడ్డముగా గీత కొట్టబడియుండును. చేయిజారిన పొలము కథయు, నిలిచిన పొలము కథయు ఆ కాగితములలోనే దాగియున్నవి. 1938లో ఒక చట్టము అట్టి కాగితములను కోర్టు బల్లపై పరపించి, మొదటినుండి మరల లెక్క వేయించినది. అదియే మద్రాసు వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టము. దాని కథను నేడు మనము స్మరించుకొందము.

అప్పునకు హద్దు ఉండవలెనను భావము మనకు క్రొత్త కాదు. ఒకేసారి వసూలుచేయు వడ్డీ అసలును మించరాదని మన ధర్మశాస్త్రములు విధించినవి. దీనినే న్యాయస్థానములవారు ‘దామ్‌దుపట్’ అని వ్యవహరించిరి. అయితే 1855లో ఆంగ్లప్రభుత్వము వడ్డీపై చట్టములు పెట్టిన పరిమితులను తొలగించినది. ఇచ్చువాడును, పుచ్చుకొనువాడును ఏ వడ్డీకి ఒప్పుకొందురో అదియే న్యాయమని కోర్టులు తలచెను. 1859లో కాలపరిమితి చట్టము వచ్చి, రిజిస్టరు కాని అప్పుపత్రములపై దావా వేయుటకు మూడేండ్లు గడువు పెట్టినది. బాకీదారునకు మేలు చేయవలెనని పెట్టిన ఈ గడువు వానికే కీడైనది. గడువు ముగియకముందే షావుకారు వడ్డీని అసలులో కలిపి క్రొత్త నోటు వ్రాయించుకొనుచుండెను. ఈ రీతిగా మూడేండ్ల కొకసారి వడ్డీయే అసలుగా మారుచుండెను.

ఈ పద్ధతి ఫలితము మొట్టమొదట దక్కనులో బయటపడెను. 1875 మే నెలలో పూనా జిల్లాలోని సూపా గ్రామమున రైతులు షావుకార్లపై తిరుగబడిరి. ఆ అలజడి పూనా, అహమ్మదునగరు జిల్లాల గ్రామములకు ప్రాకెను. వారు ముఖ్యముగా కోరినది ధనము కాదు, అప్పుపత్రములు. దొరికినవానిని దొరికినట్లే కాల్చివేసిరి. 1879లో వచ్చిన దక్కను వ్యవసాయదారుల చట్టము కోర్టులకు ఒక క్రొత్త అధికారము నిచ్చెను: పత్రములో నున్న మొత్తమునే నమ్మక, దాని వెనుకకు పోయి, నిజముగా చేతికిచ్చిన సొమ్మెంతయో విచారించు అధికారము. తరువాత వచ్చిన ఋణపరిష్కారములకెల్ల ఇదియే బీజము.

మన ప్రాంతమున అవసరము తీవ్రమైనది 1929 తరువాతి ఆర్థికమాంద్యపు దినములలో. ధాన్యము ధర పడిపోయెను. నోటులోని అంకె మాత్రము తగ్గలేదు. నిన్న పది బస్తాలతో తీరు అప్పునకు నేడు ఇరువది బస్తాలైనను చాలని స్థితి యేర్పడెను. మద్రాసు రాజధానిలోని గ్రామఋణము 150 కోట్ల రూపాయలని 1930లో బ్యాంకింగు విచారణ సంఘమువారు అంచనా వేయగా, 1935లో సత్యనాథన్ గారి నివేదిక దానిని 200 కోట్లుగా లెక్కించెను.

మొదట ప్రభుత్వములు పెద్దమనుష్యుల తీర్పు పద్ధతిని అవలంబించినవి. 1933లో మధ్యపరగణాలలోను, 1936లో మద్రాసులోను ఋణ రాజీ చట్టములు వచ్చెను. బాకీదారుడు బోర్డునకు అర్జీ పెట్టుకొనును. అప్పులవారందరును తమ లెక్కలు దాఖలు చేయుదురు. వాని ఆస్తి యెంత, ఏటేట ఎంత చెల్లింపగలడు అని బోర్డు విచారించి, ఉభయులను ఒప్పించి, తగ్గించిన మొత్తమునకు వాయిదాలు కట్టును. ఈ పద్ధతిలో సౌమ్యత గలదు, బలము లేదు. అప్పిచ్చినవారు ఒప్పుకొననిచో రాజీ కుదురదు.

1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము అధికారమునకు వచ్చెను. 1938 మార్చి 22వ తేదీన అమలులోనికి వచ్చిన నాలుగవ నంబరు చట్టము, ఒప్పుదలతో నిమిత్తము లేకుండ లెక్కనే మార్చివేసెను. 1932 అక్టోబరు 1వ తేదీకి పూర్వపు అప్పులపై, 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీ యావత్తు రద్దయ్యెను. అసలుకు రెండింతలు అప్పటికే చెల్లించియున్నచో అప్పంతయు తీరినట్లే. అంత చెల్లింపనిచో, రెండింతలకు తక్కువైన మొత్తమో, మిగిలిన అసలో, ఏది తక్కువైన దానిని మాత్రము చెల్లించిన చాలును. 1932 తరువాతి అప్పులకు నూటికి ఏటికి అయిదు రూపాయలకు మించని బారువడ్డీతో లెక్క కట్టిరి. చట్టము తరువాత చేయు అప్పులకు రూపాయికి నెలకు ఒక పై, అనగా ఏటికి నూటికి ఆరుంబాతిక, హద్దుగా పెట్టిరి.

ఇది తేటపడుటకు ఒక లెక్క వేయుదము. ఒక రైతు 1925లో నూటికి నెలకు రూపాయి వడ్డీకి 400 రూపాయలు తెచ్చెననుకొందము. ఏమియు చెల్లింపక మూడేండ్ల కొకసారి తిరుగవ్రాసినచో, 1928లో నోటు 544 రూపాయలు, 1931లో 740, 1934లో 1,006. చట్టము ఈ చివరి నోటును చూడదు. ఒకే షావుకారువద్ద తిరుగవ్రాయుచు వచ్చిన నోట్లన్నిటిని దాటి, 1925 నాటి 400 వద్ద ఆగును. 1934 తరువాత రైతు 300 చెల్లించియున్నచో, వాని బాకీ 400. 500 చెల్లించియున్నచో 300. 800 చెల్లించియున్నచో ఏమియు లేదు. కాని పాత షావుకారును తీర్చుటకు వేరొక షావుకారువద్ద క్రొత్తగా అప్పు తెచ్చియున్నచో, లెక్క ఆ రెండవ నోటునుండియే మొదలగును. మొదటి నోటు, వెనుకటి చెల్లులు భద్రపరచుకొన్నవానికి చట్టము ఉపకరించెను; పోగొట్టుకొన్నవానికి సాక్ష్యము చూపుట కష్టమయ్యెను.

ఇది దయయా, అన్యాయమా అని ఆనాడు తీవ్రమైన వాదము నడచెను. అప్పిచ్చినవారందరును ధనికులు కారు. ఉన్న కొద్ది సొమ్మును వడ్డీకి త్రిప్పి బ్రదుకు వితంతువు లెందరో యుండిరి. కావుననే వేరు ఆస్తి లేని స్త్రీకి రావలసిన, అసలు 3,000 రూపాయలకు మించని అప్పులకు చట్టమునుండి మినహాయింపు నిచ్చిరి. మరియు ప్రామిసరీ నోట్లు రాష్ట్రశాసనసభ అధికారములోనివి కావని వాదము లేచెను. నోటు డిక్రీగా మారిన పిమ్మట అది డిక్రీ ఋణమే యని, దానికి చట్టము చెల్లునని 1940లో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పెను. 1947లో బెంగాలు చట్టముపై ప్రీవీకౌన్సిలు తీర్పు, వడ్డీవ్యాపారమును కట్టుదిట్టము చేయు అధికారము రాష్ట్రములకు గలదని స్థిరపరచెను.

ఫలిత మెట్లున్నది? 1946లో నారాయణస్వామినాయుడుగారు సమర్పించిన నివేదిక ప్రకారము, 1939లో సుమారు 272 కోట్లుగా నున్న గ్రామఋణము 1945 నాటికి సుమారు 218 కోట్లకు తగ్గెను. ఇందు యుద్ధకాలపు ధరల పెరుగుదలకు గొప్ప పాలు గలదు. అయితే తగ్గుదల అధికముగా పెద్ద రైతుల యింట జరిగెను. అమ్ముకొనుటకు గింజలు లేని కూలివాని అప్పు పెరిగెను. భూమి గలవాని లెక్కను చట్టము సరిదిద్దగలిగెను గాని, తిండికై అప్పుచేయువాని అవసరమును తీర్పజాలకపోయెను. ఆ కొఱత తీర్చుటకే 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చిన్నరైతులు, వ్యవసాయకూలీలు, గ్రామచేతివృత్తులవారి అప్పులకై వేరొక చట్టము చేయవలసివచ్చెను.

నేడు షావుకారు స్థానమున బ్యాంకు వచ్చినది. నోటు స్థానమున అచ్చుపత్రము వచ్చినది. 1987 నాటి చట్టముచే బలపడిన లోక్ అదాలత్‌లలో బాకీదారుడును, బ్యాంకువారును ఎదురెదుట కూర్చుండి, ఒక మొత్తమునకు ఒప్పుకొని అప్పు తీర్చుకొనుచున్నారు. రూపము మారినను ప్రశ్నలు మారలేదు. చేతికి వచ్చిన దెంత? ఇదివరకు చెల్లించిన దెంత? ఇకమీద చెల్లింపగల దెంత? ఈ మూడింటికి కాగితముపై సమాధానము గల కుటుంబము రాజీబల్లవద్ద తలవంచవలసిన పనిలేదు. అప్పు చేయుట పరువు తక్కువ కాదు. లెక్క అడుగుటయు పరువు తక్కువ కాదు. భోషాణములోని ఆ పాతకాగితములను పారవేయకుండ దాచిన మన పెద్దలు ఈ సంగతి నెరిగియే దాచిరి.