పసిపాప పొట్టలో తొలి అతిథులు



పురిటింట్లో పెద్దవాళ్ళు బిడ్డ గుడ్డలు చూసే ఆరోగ్యం చెప్పేవారు. నల్లగా పోయేది పసుపుపచ్చగా తిరిగితే, "ఇక భయం లేదులే" అనేవారు. ఒక పెద్ద శాస్త్రం కూడా అక్కడే మొదలైందంటే నమ్ముతారా?

ఆ రోజుల్లో ఐరోపాలో ఎందరో పసివాళ్ళు విరేచనాలతో పోయేవారు. కారణం వెతుకుతూ, 1885లో జర్మనీలోని మ్యూనిక్‌లో థియోడోర్ ఎషెరిక్ అనే పిల్లల డాక్టరు, ఆరోగ్యంగా ఉన్న శిశువుల మలాన్నే సూక్ష్మదర్శినిలో పరీక్షించాడు. మొదట పోయిన నల్లటి మలంలో క్రిములు కనిపించలేదు. కొన్ని గంటలకే కనిపించాయి! ఆయన గుర్తించిన ఒక క్రిమికి తర్వాత ఆయన పేరే పెట్టారు. మనం ఈ-కోలి అంటున్నది అదే. దానిలో చాలా రకాలు హాని చెయ్యవు.

1900 ప్రాంతంలో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆన్రీ టిస్సియే మరో వింత చూశాడు. తల్లిపాలు తాగే బిడ్డల్లో పంగలకర్రలా చీలిన క్రిమి ఎక్కువగా ఉంది. దానికి బైఫిడస్ అని పేరు పెట్టాడు. సీసాపాల బిడ్డల్లో మాత్రం రకరకాల క్రిములు కలగాపులగంగా ఉన్నాయి.

ఎందుకీ తేడా? 1950లలో అమెరికాలో పాల్ జార్జీ, జర్మనీలో రిచర్డ్ కూన్ కలిసి జవాబు పట్టారు. తల్లిపాలలో బిడ్డకు అరగని చక్కెరలు కొన్ని ఉన్నాయి. అవి ఆ మంచి క్రిములకు ఆహారం. వాటిని తిని క్రిములు పేగుల్లో పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపులో చెడ్డ క్రిములు అంత సులువుగా పెరగలేవు.

మన పొరుగున ఒడిశా పల్లెల్లో 4,556 మంది పసికందులతో జరిగిన పరిశోధన 2017లో వెలువడింది. తల్లిపాలతో పాటు వారం రోజులు ఒక మంచి క్రిమిని, దాని మేతను ఇచ్చిన బిడ్డల్లో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ గానీ మరణం గానీ నూటికి 5.4 మందికే వచ్చాయి. ఇవ్వనివారిలో 9 మందికి. అలాగని ఇలాంటి పొడులు మనంతట మనం కొని పట్టకూడదు, డాక్టరు చెప్తేనే.

మన చేతిలో ఉన్నది వేరే ఉంది. కొన్ని ఇళ్ళలో ముర్రుపాలు పిండి పారబోసి, తేనో, పంచదార నీళ్ళో, ఆముదమో నాకిస్తారు. ఆ చక్కెరలు ఎక్కువగా ఉండేది ముర్రుపాలలోనే! తేనె ఏడాది నిండేదాకా పనికిరాదు. పుట్టిన గంటలోపే బిడ్డను రొమ్ముకు పట్టండి. ఆపరేషన్ కాన్పయినా వీలైనంత త్వరగా పట్టండి. ఆరు నెలలు తల్లిపాలు చాలు, మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. పాలు పడకపోతే బెంగపెట్టుకోకుండా డాక్టరును అడగండి.

ఈసారి అత్తగారో, అమ్మో ముర్రుపాలు పారబొయ్యమంటే, ఈ కథ వాళ్ళకూ చెప్పండి. సెలవు.