తమ్ముడి నెత్తుటితో మొదలైన ఏలుబడి

క్రీ.శ. 211 ఫిబ్రవరిలో, ఇప్పటి బ్రిటన్‌లోని యార్క్‌లో రోమన్ చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ కన్నుమూశాడు. సింహాసనం ఇద్దరు కొడుకులది: పెద్దవాడు కారకల్లా, చిన్నవాడు గెటా. ఇద్దరికీ చిన్ననాటి నుంచే పడేది కాదు. రోమ్ చేరాక ఒకే రాజప్రాసాదాన్ని వాటాలు వేసుకుని, ఎవరి కావలి వాళ్లు పెట్టుకున్నారు.

ఆ డిసెంబరులోనే రాజీ పేరుతో తల్లి జూలియా డొమ్నా గదికి గెటాను రప్పించారు. కారకల్లా మనుషులు కత్తులతో దూసుకొచ్చారు. తల్లిని కరుచుకున్న గెటాను ఆమె ఒళ్లోనే పొడిచి చంపారు. ఆమె చేతికీ గాయమైంది. చచ్చిపోయిన కొడుకు కోసం ఏడవడానికి కూడా ఆ తల్లికి అనుమతి దొరకలేదు.

కారకల్లా క్రూరత్వాన్ని పిచ్చి అని తేల్చేయడం పొరపాటు. దానికి ఒక పద్ధతి ఉంది. హత్య జరగగానే అతను పరుగెత్తింది సైనికుల శిబిరానికి. తమ్ముడే తనను చంపబోయాడని చెప్పి, భారీగా డబ్బు పంచి, వాళ్లను తనవైపు తిప్పుకున్నాడు. తర్వాత గెటా మనుషుల వేట మొదలైంది. ఆనాటి సెనేటర్, చరిత్రకారుడు కాసియస్ డియో లెక్క ప్రకారం హతులు సుమారు 20,000 మంది. న్యాయశాస్త్రంలో రోమ్ గర్వించిన పాపినియన్ కూడా వారిలో ఒకడు. శాసనాల్లో గెటా పేరును చెక్కి తీసేశారు. రోమ్ ఫోరమ్‌లో తండ్రి విజయతోరణం మీద పాత అక్షరాలు పీకిన రంధ్రాలు ఇప్పటికీ కనిపిస్తాయి.

212లో సామ్రాజ్యంలోని దాదాపు స్వతంత్రులందరికీ పౌరసత్వం ఇచ్చిందీ ఇతనే. పన్నులు పెంచుకోవడానికేనని డియో ఆరోపణ. సైనికుల జీతాలు పెంచినవాడికి డబ్బు అవసరమే మరి.

రాతి మీద పేరు చెరపగలిగాడు గానీ జనం నోరు మూయించలేకపోయాడు. అలెగ్జాండ్రియా వాసులు ఆ హత్య గురించి వెక్కిరింపుగా మాట్లాడుకునేవారు. 215లో కారకల్లా అక్కడికి వెళ్లాడు. స్వాగతం పలకడానికి వచ్చిన నగర పెద్దలను చంపించి, సైన్యాన్ని వీధుల్లోకి వదిలాడు. మాట అన్నదెవరో, అననిదెవరో విచారించిన వాళ్లు లేరు. యువకులు, పరదేశులు, ఏ పాపమూ ఎరుగని మనుషులు కుప్పలుగా కూలారు. తమ్ముడిని చంపడం నుంచి ఊరినే చంపడం దాకా వచ్చిన దారి ఇది, సుమారు నాలుగేళ్లు.

217 ఏప్రిల్‌లో, ఇప్పటి టర్కీలోని హర్రాన్ సమీపాన, సొంత అంగరక్షక దళంలోని మార్షియాలిస్ అతన్ని పొడిచాడు. కుట్ర నడిపిన మాక్రినస్ చక్రవర్తి అయ్యాడు. కారకల్లాను మెచ్చిన సైనికులు మాత్రం తగ్గలేదు: వాళ్ల కోసం అతన్ని దేవుళ్లలో చేర్చక తప్పలేదు.